చివరి పెట్టె ఎక్కని సర్వే

ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పడంలో మా వైపు నన్ను మించినవాడు లేడని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. నా ఒక్కడికే కాదు, రేపల్లె నుంచి తెనాలి దాకా నాతో రోజూ రైలెక్కేవాళ్లందరికీ ఆ నమ్మకం ఉండేది. ఒక ఊరికి సర్పంచి ఎవరో చెప్పాను, నిజమైంది. ఒక సహకార సంఘానికి అధ్యక్షుడెవరో చెప్పాను, అదీ నిజమైంది. తప్పినవి కూడా ఉన్నాయి కానీ వాటిని గుర్తుపెట్టుకునే అలవాటు నాకూ లేదు, నా మాట వినేవాళ్లకీ లేదు.

అవి రెండువేల దశకం చివరి రోజులు. ఉదయం తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం రైల్లో రేపల్లె తిరిగొచ్చి, చీకటి పడేదాకా ఒక దినపత్రికకి వార్తలు ఏరుకునేవాణ్ణి. తొందరవి ఫ్యాక్సులో పంపి, మిగిలినవి మర్నాడు తెనాలి ఆఫీసులో చేత్తో ఇచ్చేవాణ్ణి. పాఠాలు చెప్పేటప్పుడు నన్ను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. విలేకరి అనేసరికి టీకొట్టువాడు కూడా గ్లాసు రెండుసార్లు కడిగేవాడు. ఆ మర్యాద నాకు బాగా ఒంటబట్టింది.

అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వచ్చిన వారం, తెనాలిలో మా ఇన్‌చార్జి గారు విలేకరులందరినీ మేడమీది ఆఫీసుకి పిలిపించారు. ఆయన బాపట్ల మనిషి. పండితుల ఇంట్లో పుట్టారు, మాటకి ముందొక సామెత వేస్తే గానీ మాట రాదు. ఒక్కొక్కరికీ ఒక కాగితాల కట్ట ఇచ్చి, “ప్రజానాడి” అన్నారు.

“నామినేషన్లు మొదలయ్యే రోజే మన సర్వే అచ్చులో ఉండాలి. పక్క పత్రికవాళ్లు ఆదివారం వేస్తారట, మనం శనివారమే వేసేయాలి. తలా రెండొందల కాగితాలు నింపుకు రండి.”

“ఇంత తక్కువ మందిని అడిగితే చాలా సార్?” అని ఎవరో అడిగారు.

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదుటయ్యా?” అన్నారాయన. అందరం నవ్వాం. నాకా సామెత ఎంత నచ్చిందంటే ఆ వారమంతా నా సొంతమాటలా వాడుకున్నాను.

ఆ కాగితంలో నాలుగు గడులున్నాయి. మొదటి మూడింట్లో మూడు పెద్ద పార్టీల అభ్యర్థుల పేర్లు, నాలుగో దాంట్లో “ఇతరులు”. మీ ఓటు ఎవరికి, ఎందుకు, అని రెండే ప్రశ్నలు.

మిగతా విలేకరులు ఎండలో ఊళ్లు పట్టుకుని తిరిగారు. నాకు అంతకంటే తెలివైన ఉపాయం తట్టింది. రేపల్లె బండి ఎక్కితే ఊళ్లే మన దగ్గరికి వస్తాయి కదా! రేపల్లెలో సముద్రం వైపువాళ్లూ ఎక్కుతారు, చుట్టుపక్కల పల్లెలవాళ్లూ ఎక్కుతారు. ఫ్యాను కింద కూర్చుని నియోజకవర్గం మొత్తాన్నీ అడగొచ్చు.

మా పెట్టె ఇంజను నుంచి రెండోది. సీజను టిక్కెట్లవాళ్లందరం అందులోనే ఎక్కేవాళ్లం. ఆఫీసు గుమస్తాలు, మేష్టర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, రైసుమిల్లు లెక్కలు రాసే ఆయన. మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకముక్కలు వేసుకుంటూ, రాష్ట్రంలో ఎవరిని ముఖ్యమంత్రిని చేయాలో తెనాలి వచ్చేలోపు తేల్చేసేవాళ్లం. కాగితాలు పంచగానే అందరూ ఉత్సాహంగా అందుకున్నారు. ఒక గుమస్తాగారు అయిదు తీసుకున్నారు.

“మా ఇంట్లో అయిదు ఓట్లండి. నేనెటు చెబితే అటే. వాళ్లని అడగటం దేనికి?”

నేను మారుమాట లేకుండా ఇచ్చాను. తెనాలికి కాపురం మార్చి అక్కడే ఓటు రాయించుకున్న మేష్టరుగారు, “ఓటు మారింది గానీ మనసు మన ఊళ్లోనే ఉందండి,” అంటే, ఆయనకీ ఒకటిచ్చాను. మూడు రోజులు, ఆరు ప్రయాణాలు, రెండొందల కాగితాలు. చొక్కా నలగకుండా పని పూర్తయింది.

శనివారం జిల్లా పేజీలో పైనుంచి కింద దాకా వేశారు. మూడు ఫొటోలు, వాటి పక్కన మూడు రంగుల పట్టీలు. నాలుగో చోట ముఖం లేని నల్లటి తలకాయ బొమ్మ, దాని పక్కన అగ్గిపుల్లంత గీత, దాని కింద “ఇతరులు”. పైన పెద్దక్షరాలతో “పోరు ముగ్గురి మధ్యే”. ఆ శీర్షిక నేనిచ్చిందే. అయిదు కాపీలు కొని, రెండు చంకలో పెట్టుకుని రేపల్లె బజారులో అటొకసారి ఇటొకసారి తిరిగాను.

ఆ నల్లటి తలకాయ ఎవరిదో నాకు తెలుసు.

ఆవిడ నిజాంపట్నం వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. అందరూ నర్సమ్మ అనేవాళ్లు. ఆ పల్లెల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి, మంచినీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ నీళ్లు తాగి విరేచనాలతో పడిపోయిన పిల్లలకి సెలైన్లు పెట్టీ పెట్టీ విసిగిపోయి, నీళ్ల కోసం తనే అసెంబ్లీకి నిలబడతానని బయల్దేరారు. సర్వేకి పదిరోజుల ముందు మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పారు. మజ్జిగ ఇచ్చాను, తాగారు. వార్త కూడా రాశాను. నేను రాసింది ఎనిమిది వాక్యాలు, అచ్చులో పడింది ఒకటిన్నర. “పోటీకి మాజీ నర్సు సన్నాహం” అని ఒక ట్యూషన్ ప్రకటన కింద వేశారు. పేరు లేదు.

నేనేమీ బాధపడలేదు. గెలిచే గుర్రాలకే పేజీలు అని అప్పటికే ఒంటబట్టించుకున్నవాణ్ణి.

సోమవారం పొద్దున రేపల్లె స్టేషనుకి వెళ్లేసరికి నర్సమ్మగారు ప్లాట్‌ఫారం మీద బెంచీ పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో మడతపెట్టిన శనివారం పేపరు.

“ఏం అబ్బాయీ, బాగున్నావా?”

“బాగున్నానండి. ఎక్కడికండీ ప్రయాణం?”

“నీ కోసమే వచ్చాను. ఇందులో నేనెక్కడున్నానో చూపించు.”

నాలుగో గీత మీద వేలు పెట్టాను. “ఇతరుల్లో ఉన్నారండి.”

“ఇతరులంటే ఎంతమంది?”

“చాలామంది నిలబడతారండి. అందరి పేర్లూ వేయలేం కదా.”

“ఇప్పటిదాకా నిలబడతామని చెప్పినవాళ్లు ఎంతమంది?”

నేను ఆలోచించాల్సి వచ్చింది. “మీరొక్కరేనండి.”

“ఒక్కదాన్ని పట్టుకుని ఇతరులంటారేంటి?”

ఆవిడ కోపంగా అడిగితే నేనూ కోపంగా ఏదో ఒకటి అనేవాణ్ణి. పిల్లవాడికి జ్వరం ఎన్నాళ్లనుంచి అని అడిగినట్టు అడిగారు. తర్వాత అసలు సంగతి చెప్పారు.

పెద్ద పార్టీ అభ్యర్థికి నామినేషను కాగితం మీద బలపరిచేవాడు ఒక్కడుంటే చాలు. స్వతంత్ర అభ్యర్థికి అదే నియోజకవర్గంలో ఓటున్నవాళ్లు పదిమంది సంతకాలు పెట్టాలి. ఆవిడ నెలరోజులు తిరిగి పదిమందిని ఒప్పించుకున్నారు. మందుల షాపాయన, రిటైరైన ఇద్దరు మేష్టర్లు, ఒక రైతు, అలా పదిమంది మర్యాదస్తులు. శనివారం పేపరు వచ్చింది. ఆదివారం సాయంత్రానికి ఎనిమిదిమంది వెనక్కి తగ్గారు. గెలిచే వాటం లేనప్పుడు మూడు పార్టీలతోనూ శత్రుత్వం దేనికని ఒకరు, ఓటు మురగబెట్టుకోవద్దని మా బావగారు అన్నారని ఇంకొకరు. గడువు వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి. ఆ లోపు ఇంకో ఎనిమిదిమంది దొరక్కపోతే ఆవిడ పేరు ఓటింగు యంత్రం మీదికే రాదు.

“ఓడిపోతే నాకు బాధలేదు నాయనా. నిలబడకముందే నన్ను కూర్చోబెట్టేశారు,” అన్నారు.

నాకు ముక్కుమీద కోపం. తప్పు నాదైతే అది ఇంకా తొందరగా వస్తుంది. “సర్వే పద్ధతి ప్రకారమే చేశామండి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు, ప్రతి మెతుకూ పట్టి చూడక్కర్లేదు,” అన్నాను.

“నిజమే. కానీ అడుగు మాడిందో లేదో పైమెతుకు చెప్పదు. ఎక్కడ అడిగావు ఇదంతా?”

“ఈ రైల్లోనేనండి. అన్ని ఊళ్లవాళ్లూ ఎక్కుతారుగా.”

“చివరి పెట్టె ఎక్కావా?”

ఎక్కలేదు. ఏ రోజూ ఎక్కలేదు. చేపల గంపలు, ఆకుకూరల మూటలు పెట్టుకుని తెనాలి మార్కెట్టుకి వెళ్లే ఆడవాళ్లంతా ఆ పెట్టెలో ఎక్కడం మా బండికి ఆనవాయితీ. రైల్వేవాళ్లు పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతూ వచ్చిందంతే. బండి ఆగగానే మేం ముందుకి నడిచేవాళ్లం, వాళ్లు వెనక్కి నడిచేవాళ్లు. ఏళ్ల తరబడి ఒకే రైల్లో ప్రయాణం చేస్తూ వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలీదు.

“ఇప్పుడే ఎక్కుతాను, పదండి,” అన్నాను. ఆవిడ మాట తప్పని నిరూపించాలనే ఎక్కాను తప్ప మంచి మనసుతో కాదు. సంచిలో మిగిలిన కాగితాలు ఓ నలభై ఉన్నాయి.

లోపల సీట్ల మీద గంపలు, గంపల మధ్య మనుషులు. నెత్తళ్ల చేపల వాసన, తోటకూర తడి. నర్సమ్మగారిని చూడగానే అటునుంచి ఇటునుంచి చేతులు లేచాయి. ఒకావిడ తన కూతురికి కాన్పు ఎప్పుడో చెప్పింది, ఇంకొకావిడ మోకాలు చూపించింది. నేను గొంతు సవరించుకుని, పేపరు తరఫున వచ్చానని చెప్పాను. చదవగలిగినవాళ్లు తక్కువ కాబట్టి గడులు నేనే పైకి చదివాను. మూడు పేర్లూ చదివి, “నాలుగు, ఇతరులు,” అన్నాను.

“మా నర్సమ్మ ఏ గడిలో ఉంది?” అని ఒక పెద్దావిడ అడిగింది.

“ఇతరుల్లో ఉన్నారమ్మా.”

“నా ఇద్దరు పిల్లల్నీ ఈ చేతులతో తీసింది. ఆవిడ మాకు ఇతరులేంటయ్యా? ఆ ఫొటోల్లో వాళ్లు కదా ఇతరులు!”

పెట్టెంతా నవ్వింది. పెన్ను తీసి ఒక్కొక్కరినీ అడగటం మొదలుపెట్టాను. పెనుమర్రు దాటేసరికి నలభై కాగితాలూ అయిపోయాయి. అందరూ నర్సమ్మకే వేస్తామనలేదు. కొందరు మిగతా ముగ్గురి పేర్లూ చెప్పారు, ఒకావిడ ఎవరికీ వేయనని తెగేసి చెప్పింది. కానీ సగానికి పైగా నర్సమ్మ పేరే. రెండో పెట్టెలో అగ్గిపుల్లంత ఉన్న గీత ఈ పెట్టెలో అందరికంటే పొడుగు. నా రెండొందల కాగితాల్లో ఆడవాళ్లు నింపినవి ఎన్ని అని మనసులో వెతుక్కున్నాను. ఒక్కటి కూడా తట్టలేదు.

సంతకాల సంగతి నర్సమ్మగారు వాళ్లకి చెప్పారు. పెద్దావిడ వెంటనే, “సంతకాలేగా? మేం వస్తాం,” అంది.

“వేలిముద్ర అయితే ఆఫీసరు ఎదురుగానే వేయాలి. శనివారం బేరం మానుకోవాలి.”

“మానుకుంటాం.”

ఎనిమిదిమంది ముందుకొచ్చారు. ఏడుగురు చేపలమ్మేవాళ్లు, ఎనిమిదో ఆవిడ ఆకుకూరలు అమ్ముకునే మనిషి.

తెనాలిలో దిగి కాలేజీకి వెళ్లకుండా తిన్నగా ఆఫీసుకి వెళ్లాను. ఇన్‌చార్జి గారి ముందు నలభై కాగితాలూ పెట్టి జరిగింది చెప్పాను. సర్వే తప్పని రాద్దామన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ప్రతి ఎన్నికకీ ఇరవైమంది ఇండిపెండెంట్లు వస్తారయ్యా. అందులో సగం మంది ఓట్లు చీల్చడానికి పెద్దవాళ్లు నిలబెట్టినవాళ్లే. అందరికీ బంతిభోజనంలా సమానంగా వడ్డించమంటావా? చదివేవాడికి విసుగు రాదూ?”

ఆయన మాటలో నిజం లేకపోలేదు. డబ్బు పుచ్చుకుని నిలబడి, డబ్బు పుచ్చుకుని తప్పుకున్నవాళ్లని నేనూ చూశాను. అయినా ఆ రోజు నా నోటికి సరైన మాట దొరికింది.

“సమానంగా వడ్డించమనట్లేదు సార్. విస్తరి వేయమంటున్నాను. విస్తరే వేయకుండా, ఆవిడ ఏమీ తినలేదు చూడండని రాశాం.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. చివరికి, “రాసివ్వు, డెస్కుకి పంపుతాను,” అన్నారు.

ఎక్కడ అడిగానో, ఎవరిని అడగలేదో, ఒకే మనిషి చేత అయిదు కాగితాలు ఎలా నింపించానో, అంతా దాచకుండా రాసిచ్చాను. ఆవిడ పేరు మూడుచోట్ల రాశాను. బుధవారం పేపరు తెరిస్తే, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన చిన్న అక్షరాల్లో ఇంతే ఉంది: “శనివారం ప్రచురించిన ప్రజానాడిలో కొన్ని వర్గాల అభిప్రాయాలు పూర్తిగా చేరలేదని పాఠకులు గమనించగలరు.” తప్పు ఎవరిదో లేదు, ఎవరికి జరిగిందో లేదు. ఆ పేపరు నలిపి విసిరికొట్టాను. మా ఆవిడ తీసి సాపుచేసి, “ఉప్మాలో ఉప్పు తక్కువైందని తిన్నవాళ్లకి కాక పక్కింటివాళ్లకి చెప్పినట్టుంది,” అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

శనివారం పదకొండు గంటలకల్లా తహసీల్దారు ఆఫీసు దగ్గరికి వెళ్లాను, విలేకరిగా. ఒక పెద్ద పార్టీ అభ్యర్థి డప్పులతో వచ్చి నామినేషను వేసి వెళ్లారు. ఆ సందడి తగ్గాక ఆటోలో నర్సమ్మగారు, వెనక ఇంకో రెండు ఆటోల్లో ఆ ఎనిమిదిమంది ఆడవాళ్లు దిగారు. మాట తప్పని ఇద్దరు పాత మనుషులు అప్పటికే వచ్చి ఉన్నారు. ఒకరు రిటైరైన మేష్టరు, ఇంకొకరు రైతు. ఆడవాళ్లలో కొందరు ఆ పూట రేపల్లె వీధుల్లోనైనా అమ్ముకుందామని గంపలు తెచ్చుకున్నారు. అవి వరండాలో వరసగా పెడితే, లోపల పంఖా కింద కూర్చున్న ఉద్యోగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఓటర్ల జాబితాలో ఒక్కొక్కరి పేరూ, వరస నంబరూ వెతికి కాగితం మీద రాస్తున్నారు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాకా దొరికాయి. ఆకుకూరలావిడ పేరు దొరకలేదు. జాబితా మళ్లీ మొదటి నుంచి వెతికారు. చివరికి ఆవిడ చీరకొంగు ముడి విప్పి ఓటరు కార్డు తీసిచ్చింది.

“ఇది పిట్టలవానిపాలెం అమ్మా. బాపట్ల నియోజకవర్గంలోకి వస్తుంది. ఇక్కడ చెల్లదు,” అన్నాడు ఉద్యోగి.

“చెల్లకపోవడమేంటి బాబూ? ప్రతి ఎలక్షనుకీ వేస్తన్నాగా!”

“అక్కడ వేస్తున్నావమ్మా.”

ఆవిడ పుట్టిల్లు పిట్టలవానిపాలెం. ఇరవై ఏళ్ల కిందట ఇటు కాపురానికి వచ్చింది. మనిషి వచ్చింది గానీ ఓటు పుట్టింట్లోనే ఉండిపోయింది. ప్రతి ఎన్నికకీ పుట్టింటికి వెళ్లి, ఓటేసి, ఒకపూట అన్నతో వదినెతో గడిపి వచ్చేది. అది మార్పించుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడకీ మార్పించుకోవాలని లేదు. “నాకు తెలవదు నర్సమ్మా,” అంటూ కార్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పటికి రెండుంపావు. తొమ్మిదిమందితో ఇస్తే పరిశీలనలో కొట్టేస్తారు. పల్లెకి వెళ్లి ఇంకొకరిని తెచ్చేంత వ్యవధి లేదు. నర్సమ్మగారు ఒక్కక్షణం కూడా ఆగలేదు, రోడ్డు దాటి బజారు వైపు నడిచారు. నేను వెనకే వెళ్లాను. మందుల షాపాయన ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డారు.

“మీరంటే గౌరవమేనండి. కానీ పేపర్లో చూశాం కదండీ. మా కుర్రాళ్లు కూడా వద్దంటున్నారు.” అలా అంటూ ఆయన నా వైపు చూశారు, అవునా కాదా చెప్పండి అన్నట్టు. ఆ పేపరు రాసింది నేనేనని ఆయనకి తెలుసు.

“ఆ సర్వే తప్పండి. నేను సరిగ్గా చేయలేదు,” అన్నాను.

“అలాగైతే పేపర్లో వేసేవాళ్లు కదండీ,” అన్నారాయన మర్యాదగానే.

పక్క బట్టల కొట్లో అదే మాట. ఆ పక్క సైకిలు షాపులో మాట కూడా లేదు, తల అడ్డంగా ఊపారు. ఊరినిండా ఓటర్లే, సంతకం పెట్టే చెయ్యి ఒక్కటి లేదు. ముందరి కాళ్లకి బంధం వేయడమంటే ఏమిటో ఆ అరగంటలో చూశాను. ఆ బంధం నేను వేసిందే.

ఆఫీసు వరండాలోకి వచ్చేసరికి మూడుకి పదినిమిషాలు. నాకు రేపల్లెలోనే ఓటుంది. బల్ల మీద పెన్ను తీసుకుని, “నా నంబరు చూడండి,” అన్నాను.

నర్సమ్మగారు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

“నువ్వొద్దు.”

“టైము లేదండీ!”

“నువ్వు సంతకం పెడితే నా మనిషివైపోతావు. రేపు నువ్వు నా గురించి ఏం రాసినా ఎవరూ నమ్మరు. నా పక్కన నిలబడమని నిన్నెప్పుడైనా అడిగానా? నా పేరు కూడా లెక్కలోకి తీసుకోమన్నాను, అంతే.”

“ఆ లెక్క ఎలాగూ తప్పాను. ఇదొక్కటైనా చేయనివ్వండి.”

“చేసిన తప్పుకి ఇంకో తప్పు మందు కాదు నాయనా.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మొండిమనిషి అని లోపల తిట్టుకున్నాను. కానీ ఆవిడ చెయ్యి తీయలేదు. లోపల గడియారం మూడు కొట్టింది, ఉద్యోగి లేచి తలుపు దగ్గరికి వేశాడు. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు.

“తొమ్మిదిమంది వచ్చారని రాయి. వాళ్ల పేర్లు రాయి. ఒక్కటి కూడా వదలకు,” అన్నారు.

నామినేషను వేయలేకపోవడం పెద్ద పత్రికలకి వార్త కాదు. ఆ సాయంత్రం ఫ్యాక్సు పంపి, ఇన్‌చార్జి గారికి ఫోను చేసి, “ఈసారి పేర్లు కొట్టేస్తే రేపటి నుంచి నా వార్తలు రావు సార్,” అన్నాను. ఆయన సామెత ఏమీ వేయలేదు. మర్నాడు పేపర్లో మూడు కాలాల వార్త వచ్చింది. పైన నర్సమ్మగారి పేరు, కింద తొమ్మిది పేర్లు ఇంటిపేర్లతో సహా. దానికోసం డప్పుల ఊరేగింపు ఫొటోని సగానికి కోశారని తర్వాత తెలిసింది. ఇన్‌చార్జి గారి మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది.

ఆ తర్వాత చాలా ఎన్నికలు రాశాను. నేను చేసిన ఏ సర్వేలోనూ “ఇతరులు” అనే గడి లేదు. నిలబడ్డ ప్రతి మనిషికీ పేరుతో గడి పెట్టాను, ఎక్కడ అడిగానో కింద రాశాను. డెస్కువాళ్లు స్థలం లేదని గొణిగితే ఆ సర్వే పంపడం మానేశాను. మూడు శాతం వచ్చినవాళ్లకి మూడు శాతమనే వేశాను, ఒక్క గింజ ఎక్కువ వేయలేదు. ఎవరూ నా పని తప్పని చూపించలేకపోయారు. ఆ విషయంలో ఇప్పటికీ ఎవరితోనైనా వాదనకి సిద్ధమే.

ఆ వార్త వచ్చిన ఆదివారం కాలేజీ లేదు. అయినా పేపరు పట్టుకుని పొద్దున బండికి వెళ్లి చివరి పెట్టె ఎక్కాను. నిలబడి వార్త పైకి చదివాను. పేరు వినపడ్డ ప్రతి ఆవిడా పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. పెద్దావిడ తన పేరు రెండోసారి చదివించుకుని, అక్షరాలు ఎక్కడున్నాయో చూపించమని, ఆ చోట వేలు పెట్టి చూసుకుంది.

తలుపు దగ్గర ఆకుకూరలావిడ మూట మీద కూర్చుని ఉంది. చదవడం అయిపోయాక మెల్లిగా అంది.

“పదో పేరు నాదవ్వాలి గదయ్యా. నా మూలానే అంతా పాడైపోయింది. రాత్రంతా నిద్రపట్టలా.”

ఊరుకోమని ఒకావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను ఊరుకుంటే సరిపోయేది, అక్కడెవరూ నన్ను వేలెత్తి చూపలేదు.

“నీ వల్ల కాదమ్మా,” అన్నాను. “నర్సమ్మగారికి ముందే పదిమంది ఉన్నారు. ఈ పెట్టె ఎక్కకుండా, మిమ్మల్నెవర్నీ అడక్కుండా, ఆవిడ గెలవదని నేను పేపర్లో రాశాను. అది చూసి ఎనిమిదిమంది పారిపోయారు. నేనలా రాయకపోతే నువ్వు ఆ ఆఫీసు గడప తొక్కాల్సిన పనే లేదు.”

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఈ మాట కూడా పేపర్లో ఏస్తావా?”

“వేస్తాను,” అన్నాను.

ఆ వారమే రాసి పంపాను. ఇది వార్త కాదని డెస్కు నుంచి తిరిగొచ్చింది. ఆమెకి ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది, అందుకే ఇప్పుడిక్కడ రాశాను.